శవాసనం వద్దన్న మనిషి: నల్లగొండ నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసులో నేను రెండు తప్పులు చేశాను. యోగా నేర్పేవాళ్లం మంచి మనసుతో రోజూ చేసే పనులే అవి. అవి ఎలా జరిగాయో, తర్వాత దారి ఎలా దొరికిందో తోటి ప్రాక్టీషనర్లకు, యోగా టీచర్లకు తెలియాలని రాస్తున్నాను. పేషెంటు అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. శరీరం చూపించిన లక్షణాలు, ఏ దశలో ఏం ఆలోచించి ఏం చేశామన్నది మాత్రం ఉన్నదున్నట్టే రాశాను.

ప్రకృతి వైద్యం, యోగాలో డిగ్రీ చేసి నల్లగొండలో పదకొండేళ్లుగా చిన్న క్లినిక్ నడుపుతున్నాను. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి నడుము నొప్పులు, షుగరు, నిద్రలేమి.

నేపథ్యం

ఆమెకు 47 ఏళ్లు. మునుగోడు, చండూరు వైపు ఒక చేనేత ఊరు. పెళ్లై వచ్చిన నాటి నుంచి ఆసు పోసింది. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో పైకీ కిందికీ తిప్పే పని అది. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు తిరగాలి. తల్లి భుజాల నొప్పి చూడలేకనే చింతకింది మల్లేశం 1999లో లక్ష్మి ఆసు యంత్రం తయారు చేశాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆమె ఇంటికి కూడా పదేళ్ల కింద ఆ యంత్రం వచ్చింది. అప్పటి నుంచి చిటికి కడుతోంది. చాపిన నూలుకు గుర్తు పెట్టిన చోటల్లా పాత సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీ బిగించి కట్టాలి, అక్కడ రంగు ఎక్కకుండా.

ఆ ప్రాంతం నీళ్ల గురించి మన జిల్లా వాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. కృష్ణా నీళ్లు నల్లాలో వచ్చేదాకా ఆమె తాగినవి ఆ హద్దు దాటిన బోరు నీళ్లే. పళ్ల మీద గోధుమ రంగు చారలున్నాయి. గడ్డం ఛాతీకి ఆనదు. వంగితే చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోతాయి.

మేము కలవడానికి పది నెలల ముందు ఆమె భర్త పోయాడు. రాత్రి అన్నం తిని పడుకున్నాడు. రోజూ తెల్లారక ముందే మగ్గం మీద కూర్చునే మనిషి లేవలేదని ఆమె వెళ్లి తట్టింది. వెల్లకిలా, చేతులు పక్కన పెట్టుకుని, కండ్లు మూసుకుని ఉన్నాడట. ఈ మాట ఆమె మొదటి రోజే చెప్పింది. నేను నోట్సులో రాసుకున్నాను కూడా. రాసుకున్నాను గానీ అందులో ఏముందో అప్పుడు పట్టుకోలేకపోయాను.

వచ్చిన సమస్య

ఆషాఢంలో కొడుకు, కోడలు తీసుకొచ్చారు. ఆమె దాన్ని ‘దడ’ అంటుంది. నేనూ అదే మాట వాడతాను.

“నడిరాత్రి రెండింటికి మెలకువ వస్తది మేడం. గుండె ఎగిరి బయట పడ్తదా అన్నట్టు కొట్టుకుంటది. ఊపిరి సాలదు. చేతులు తిమ్మిర్లు వడ్తయి, మూతి గూడ మొద్దుబారుతది. పాణం పోతున్నట్టే ఉంటది.”

అయిదు నెలలుగా ఇదే. వారానికి నాలుగైదు సార్లు. మూడు సార్లు అర్ధరాత్రి ఆటో కట్టుకుని ఆస్పత్రికి పోయారు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, షుగరు అన్నీ నార్మల్. హిమోగ్లోబిన్ ఒక్కటే 10.4 ఉంది. ప్రతిసారీ “ఏమీ లేదమ్మా, టెన్షన్ అంతే” అని పంపించారు. ఊర్లో ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించాడు.

‘పరీక్షల్లో ఏమీ రాలేదు’ అనడం వేరు, ‘నీకేమీ లేదు’ అనడం వేరు. రెండో మాట విన్న మనిషి తన శరీరం చెప్పేది నమ్మాలో, డాక్టరు చెప్పేది నమ్మాలో తేల్చుకోలేక ఇంకా బుగులు పడుతుంది. ఆమె విషయంలో అదే జరిగింది. మూడో సారి ఆస్పత్రి నుంచి వచ్చాక దడ తగ్గలేదు సరికదా, ఎప్పుడొస్తుందో అని పగలంతా కాచుకుని కూర్చునే భయం కొత్తగా మొదలైంది.

కోడలు శ్రద్ధ ఉన్న పిల్ల. ఫోన్‌లో వీడియో చూపించి, పొద్దున్నే పదిహేను నిమిషాలు వేగంగా ఊపిరి కొట్టే ప్రాణాయామం చేయిస్తోంది. మూడు వారాలైంది. “చేసినంక కళ్లు తిరుగుతున్నయంటది మేడం. మొదట్ల అట్లనే ఉంటది, విషం బయటికి పోతుంది అని వీడియోల చెప్పిండ్రు” అంది.

మొదటి రోజు చూసినవి

కూర్చున్నప్పుడు శ్వాస నిమిషానికి 22. ఆమెకు తెలియకుండా లెక్కపెట్టాను. లెక్కపెడుతున్నామని తెలిస్తే ఎవరి శ్వాసైనా మారుతుంది. పొట్ట కదలడం లేదు, భుజాలు లేస్తున్నాయి. అయిదు నిమిషాల్లో తొమ్మిది నిట్టూర్పులు. నాడి 96, బీపీ 138/86.

చేతుల తిమ్మిరి గురించి చాలాసేపు ఆలోచించాల్సి వచ్చింది. ఆమెకు తిమ్మిరి రావడానికి కారణాలు ఒకటి కాదు, నాలుగు ఉండొచ్చు. ఏళ్ల తరబడి మణికట్టుతో చేసిన పని వల్ల అక్కడ నరం నొక్కుకుపోవచ్చు. కానీ అలాంటప్పుడు తిమ్మిరి బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్లలో ఎక్కువగా ఉంటుంది, పెదాలకు రాదు. బీ12 లోపం ఉండొచ్చు. అదైతే సాధారణంగా కాళ్లలో మొదలవుతుంది, వచ్చి పోదు, ఉండిపోతుంది. నన్ను భయపెట్టింది మూడోది. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు, ఫ్లోరోసిస్ ముదిరితే వెన్నెముక చుట్టూ ఎముకలను కలిపి ఉంచే స్నాయువుల్లో కాల్షియం పేరుకుని గట్టిపడుతుంది. ఆ గట్టిపడటం వెన్నుపామును గానీ, దాని నుంచి బయటికొచ్చే నరాల మొదళ్లను గానీ నొక్కవచ్చు. అలాంటి మెడను హలాసనంలోనో సర్వాంగాసనంలోనో వంచితే మనం చేసేది వైద్యం కాదు, హాని.

అందుకని ఏ సాధనా చెప్పకముందే నడక చూశాను, పిడికిలి బలం చూశాను, మూత్రం మీద అదుపు గురించి అడిగాను. తర్వాత నరాల వైద్యుడి దగ్గరికి పంపాను. వెన్నుపాము నొక్కుకుపోయిన లక్షణాలు లేవని, అయితే మెడ స్నాయువులు గట్టిపడ్డాయని, మెడను బలంగా వంచడం, తిప్పడం చేయొద్దని ఆయన రాసిచ్చారు. బీ12 సరిగ్గానే ఉంది. రక్తహీనతకు ఐరన్ మాత్రలు మొదలయ్యాయి.

నాలుగో కారణం అనుకోకుండా నా కళ్ల ముందే బయటపడింది. ఇంట్లో చేసే ప్రాణాయామం ఎలా చేస్తున్నారో ఒకసారి చూపించమన్నాను. నిమిషం కూడా కాలేదు, వేళ్లు ముడుచుకుపోయి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఇదే మేడం. రాత్రి వచ్చేది ఇదే.”

శరీరానికి అవసరమైన దానికంటే ఎక్కువ గాలి ఆడిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. అప్పుడు మెదడుకు పోయే రక్తనాళాలు ముడుచుకుంటాయి, కళ్లు తిరుగుతాయి. రక్తంలో క్షారగుణం పెరిగి, నరాలకు అందుబాటులో ఉండే కాల్షియం తగ్గుతుంది. నరాలు చిన్నదానికే రేగుతాయి, వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతుంది. దీని మీద ‘ఊపిరి చాలట్లేదు’ అన్న భావన రావడమే ఇందులో చిత్రం. చాలట్లేదని ఇంకా లాగుతారు, లాగిన కొద్దీ ఇంకా ముదురుతుంది. రాత్రి ఆమెకు భయం వల్ల జరుగుతున్నదే పొద్దున వీడియో చూసి తన చేతులారా చేసుకుంటోంది. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగంగా ఊపిరి కొట్టే ప్రాణాయామాలు చెడ్డవని నేననడం లేదు. ఇప్పటికే 22 సార్లు ఊపిరి తీస్తున్న మనిషికి అవి సరిపడవంటున్నాను. విషం బయటికి పోవడం అన్న మాటకు మాత్రం ఆధారం లేదు. సాధనలో తల తిరిగితే ఆపాలి.

ఆ రోజు ఆపించింది అదొక్కటే. అది సరైన నిర్ణయమే. వారంలో పగటి దడలు సగం తగ్గాయి. రాత్రివి తగ్గలేదు.

మొదటి తప్పు: “లోతుగా పీల్చండి”

మరుసటి వారం నేను నేర్పింది మనందరం నేర్పేదే. వెన్ను నిటారుగా పెట్టండి, లోతుగా ఊపిరి పీల్చండి, నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి.

ఊపిరి ఎక్కువై బాధపడుతున్న మనిషికి ఇంకా లోతుగా పీల్చమని చెప్పాను. నిమిషానికి శ్వాసల సంఖ్య తగ్గింది గానీ, ఒక్కో శ్వాసలో ఆమె కుండెడు గాలి మింగుతోంది. మొత్తం మీద లోపలికి పోయే గాలి తగ్గనే లేదు. పైగా అంకెలు ఆమెకు పరీక్ష అయిపోయాయి. ఆరు దాకా రాకముందే ఊపిరి అయిపోతే మొహంలో గాబరా. “నాతోని ఐతలేదు మేడం, నాకే ఏదో లోపముంది.” ముక్కు రంధ్రాలు మార్చి మార్చి ఊపిరి తీసే నాడీశోధన కూడా ప్రయత్నించాం. ఒక ముక్కు మూయగానే గొంతు నొక్కినట్టుందని ఆపేసింది.

ఎందుకు వెంటనే మార్చలేదు? పుస్తకంలో 4, 6 అని ఉంది, మొదట్లో కష్టంగానే ఉంటుంది, అలవాటవుతుంది అనుకున్నాను. సరిగ్గా ఆ వీడియో చెప్పిన మాటే నేనూ చెప్పుకున్నాను.

రెండో తప్పు

రాత్రి నిద్ర పట్టడం లేదు కదా అని మూడో వారం యోగనిద్ర మొదలుపెట్టాను, పడుకుని శరీరంలో ఒక్కో భాగం మీద ధ్యాస పెడుతూ పోయే సాధన అది. గదిలో కర్టెన్లు వేశాను. చాప పరిచాను. “శవాసనంలో పడుకోండి అక్కా. వెల్లకిలా. చేతులు పక్కన. కండ్లు మూసుకోండి.”

రెండు నిమిషాలు కదలకుండా ఉంది. నేను పాదాల నుంచి మొదలుపెట్టి మోకాళ్ల దాకా వచ్చాను. ఒక్కసారిగా లేచి కూర్చుంది. చెమటలు. నాడి 130 దాటింది. చెప్పులు కూడా వేసుకోకుండా గది బయటికి పోయి కోడలిని పట్టుకుంది.

ఆ పేరే చాలదా? మనకు అది ఒక ఆసనం పేరు. ఎన్ని వందల సార్లు పలికామో, అందులో ‘శవం’ ఉందని మన చెవి వినడం మానేసింది. ఆమె చెవి వింది. నేను ఆమెను భర్త పడుకున్న తీరులోనే, చీకటి గదిలో, చేతులు పక్కన పెట్టించి, కండ్లు మూయించి పడుకోబెట్టాను. ఆ వివరం నా నోట్సులోనే ఉంది.

పేరు మార్చి ‘విశ్రాంతి ఆసనం’ అన్నంత మాత్రాన సరిపోయేది కాదని తర్వాత అర్థమైంది. విశ్రాంతి పెట్టగానే భయం పెరిగే మనుషులు కొందరుంటారు. ఇది పరిశోధకులు 1980ల నుంచి రాస్తున్న సంగతే. కావలి కాస్తున్న మనిషికి కావలి వదలడమే ప్రమాదంగా తోస్తుంది. ఆమెకు రాత్రి మెలకువగా ఉండటం జబ్బు కాదు, ఆమె దృష్టిలో అది జాగ్రత్త. ఆ రోజు తను నిద్రపోతుండగానే భర్త పోయాడు కదా. ఇంకొకటి, కండ్లు మూస్తే బయటి నుంచి వచ్చేది తగ్గి లోపలి చప్పుడు పెద్దదవుతుంది. మామూలుగా దాన్నే మనం సాధన అంటాం. గుండె చప్పుడంటేనే భయపడే మనిషికి మాత్రం అది భయపడే దాని ముందే తీసుకెళ్లి కూర్చోబెట్టడం.

తొమ్మిది రోజులు రాలేదు. ఫోన్ చేస్తే కోడలు “ఇప్పుడు ఒద్దంటుంది మేడం” అంది.

వాకిట్లో దొరికింది

ఆ ఊరి పక్కనే ఒక క్యాంపు ఉంటే వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు వాళ్లింటికి వెళ్లాను. క్షమించమని అడగాలనే వెళ్లాను, వైద్యం ఏదో చేద్దామని కాదు.

ఆమె వాకిట్లో చిటికి కడుతోంది. వీపు నా వైపు ఉంది. వేళ్లు చకచకా రబ్బరు చుడుతున్నాయి, గొంతులో సన్నగా ఏదో రాగం. బతుకమ్మ పాట, ప్రతి పాదం చివర ‘ఉయ్యాలో’ అని వచ్చే ఆ నడక. పైకి పాడటం లేదు, పెదాలు మూసుకుని ముక్కులోంచి కూనిరాగం. నాకు అలవాటు కొద్దీ గడియారం మీదికి చూపు పోయింది. ఒక్కో పాదానికి ఒక్కో శ్వాస. పాదం చివర చిన్నగా గాలి లోపలికి, తర్వాత పాదం పొడవునా బయటికి. నిమిషంలో ఏడు.

క్లినిక్‌లో 22 తీసిన మనిషి. నాలుగు, ఆరు అంకెలు అందుకోలేక ఏడ్చిన మనిషి.

“ఏం పాట అక్కా?” అన్నాను. చప్పున ఆపేసింది. “ఏం లేదు మేడం, పని చేస్తుంటే నోరు ఊకె ఉండదు. ఆయన పోయినంక బతుకమ్మకు పోలే. పాడితే ఎవరన్న ఇంటరని లోపల్లోపల్నే.”

భర్త పోయిన ఆడమనిషిని ముందు వరుసలో నిలబడనివ్వని ఊర్లు మనకు ఇంకా ఉన్నాయి. ఆమె మనిషిని పోగొట్టుకుంది, దాంతో పాటు పాటనూ, తోటి ఆడవాళ్ల వలయాన్నీ పోగొట్టుకుంది. వైద్యం రాతల్లో ఇది రాయడం సబబేనా అని ఎవరైనా అడగొచ్చు. ఆమె శ్వాస ఎక్కడ సాఫీగా నడుస్తుందో తేల్చింది అదే కాబట్టి రాయాల్సిందే.

అక్కడే, చిటికి పక్కన కూర్చుని, తప్పు నాదని చెప్పాను. “మీలో లోపం లేదక్కా. మీ ఊపిరికి మంచిగ నడవడం వచ్చు. నేనే తప్పు తొవ్వల తీస్కపోయిన.” చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “మరి ఎట్ల చేద్దాం బిడ్డా?” అంది. అప్పటి దాకా నేను మేడం‌ను.

ఎందుకు పనిచేయొచ్చు

ఊపిరి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకోవడం ఆరోగ్యవంతుల్లో సహజం. మెదడు నుంచి బయల్దేరే పదో నాడి, వేగస్, వదిలేటప్పుడు గుండె మీద పట్టు బిగిస్తుంది, పీల్చేటప్పుడు సడలిస్తుంది. అందుకని పీల్చడం చిన్నదై, వదలడం పొడుగైతే గుండె మీద నెమ్మది చేసే చెయ్యి ఎక్కువసేపు ఉంటుంది. పాట, జపం, కూనిరాగం అన్నీ వదిలే గాలి మీదే నడుస్తాయి. ఆరు దాకా లెక్కపెట్టాల్సిన పని లేదు, పాదం పొడవే ఆ లెక్క చూసుకుంటుంది.

రెండోది బీపీని సర్దే ఏర్పాటు. మెడలోని పెద్ద ధమనుల్లో, గుండె నుంచి బయల్దేరే ప్రధాన ధమని వంపులో బీపీని కనిపెట్టే నరాల కొసలుంటాయి. బీపీ పెరిగితే గుండెను తగ్గించమని, పడితే పెంచమని కబురు పంపుతాయి. ఈ సర్దుబాటు ఒక చుట్టు తిరగడానికి సుమారు 10 సెకన్లు పడుతుంది. శ్వాస నిమిషానికి 6 దగ్గర నడిస్తే రెండూ ఒక లయలో పడి ఆ ఏర్పాటు చురుగ్గా పనిచేస్తుంది. 2001లో ఇటలీలోని పావియాకు చెందిన లుచియానో బెర్నార్డి బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించింది. లాటిన్‌లో జపమాల ప్రార్థన చేసినా, ‘ఓం మణి పద్మే హుం’ మంత్రం జపించినా శ్వాస నిమిషానికి దాదాపు 6కు వస్తోందని, బీపీ సర్దుబాటు మెరుగవుతోందని అందులో చూపించారు. వాకిట్లో ఆమెవి ఏడు శ్వాసలని నేను లెక్కపెట్టినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పేపరే.

వేగస్‌లోని నరపోగుల్లో దాదాపు 80 శాతం శరీరం నుంచి మెదడుకు కబురు మోసేవే. ‘శాంతంగా ఉండు’ అని పై నుంచి ఎంత చెప్పుకున్నా లోపలికి ఎక్కకపోవడానికి, ఛాతీ, గొంతు, పొట్ట తీరు మారితే మనసు తీరు మారడానికి ఇది కొంత కారణం కావచ్చు. అయితే ‘వేగస్ నాడిని మేల్కొల్పే ఆసనం’ లాంటి మాటలు ఈమధ్య చాలా వినిపిస్తున్నాయి. అది నొక్కితే వెలిగే స్విచ్చు కాదు. దయచేసి పేషెంట్లకు అలా చెప్పకండి.

కొత్త పద్ధతి

కండ్లు తెరిచే ఉండాలి. కుర్చీలో కూర్చోవాలి, వీపు గోడకు ఆనాలి, ఎదురుగా తలుపు కనబడాలి, పాదాలు నేలను తాకాలి. నేల మీద పద్మాసనం అవసరమే లేదు, ఫ్లోరోసిస్ ఉన్న మోకాళ్లకు అది శిక్ష. ఈ ఏర్పాటు అంతా ఆమెను అడిగే చేశాను. తలుపు కనబడాలన్నది ఆమె మాటే.

ముందు కదలిక పెట్టాం, కూర్చోవడం తర్వాత. ఉద్రేకంలో ఉన్న శరీరాన్ని ఒక్కసారిగా కదలకుండా ఉంచడం కంటే కొంచెం కదిలించి దించడం తేలిక. చేతులు భుజాల ఎత్తు వరకే లేపడం, దించడం. మడమలు లేపి దించడం. మెడ జోలికి పోలేదు. ముందుకు వంగే ఆసనం ఒక్కటీ లేదు. ఎనిమిది నిమిషాలు.

తర్వాత తేనెటీగలా ఝుమ్మని శబ్దం చేస్తూ ఊపిరి వదిలే భ్రామరి, అది కూడా మార్చి. చెవులు, కండ్లు వేళ్లతో మూసే పద్ధతి వదిలేశాం. మూసిన పెదాలతో కూనిరాగం, ఆమెకు తెలిసిన పాట వరుసలో, ఒక పాదానికి ఒక శ్వాస. ‘లోతుగా’ అన్న మాట నేను మళ్లీ వాడలేదు. “పాదం అయిపోయినంక గాలి ఎంత కావాలంటే అంతే వస్తది, మీరు లాగకండి” అన్నాను. మొదట రెండు నిమిషాలు, పూటకు మూడు సార్లు. తర్వాత అయిదు.

తిమ్మిరి ఎందుకొస్తుందో బొమ్మ గీసి చెప్పాను. మూతి మొద్దుబారడం గుండె ఆగిపోతున్న గుర్తు కాదు, గాలి ఎక్కువైన గుర్తు అని తెలిశాక ఆమె భయంలో ఒక పెద్ద ముక్క ఊడిపోయింది. ఈ పని మొదటి రోజే చేయాల్సింది. ఛాతీలో నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే, చెమటలతో వాంతి వస్తే మాత్రం పాట పాడుతూ కూర్చోవద్దని, 108కి ఫోన్ చేయాలని కోడలికి రాసిచ్చాను.

మానసిక వైద్యుడిని కలవమని మొదటి వారమే చెప్పాను. “నాకు పిచ్చి లేదు” అని అప్పుడు ఒప్పుకోలేదు. కొత్త పద్ధతి మొదలైన మూడో వారంలో, దడ తగ్గుతున్నా ఏడుపు పెరుగుతోందని కోడలు చెప్పింది. అప్పుడు మళ్లీ అడిగాను. ఈసారి నేనూ వెంట పోయాను. ఆయన తక్కువ మోతాదులో ఒక మందు మొదలుపెట్టారు, దుఃఖం గురించి ఆమెతో మాట్లాడారు. రాత్రి పూట తోడు లేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 గోడ మీద రాయించాం.

అందుకే తర్వాతి మెరుగుదల అంతా యోగా వల్లేనని నేను చెప్పను, చెప్పలేను. మందు మొదలవకముందే దడలు వారానికి రెండుకు తగ్గాయి, శ్వాస 16కు వచ్చింది. తర్వాత వచ్చిన మార్పులో మందుకు, ఐరన్‌కు, మాట్లాడే మనిషి దొరకడానికి, సాధనకు ఎంతెంత వాటా ఉందో ఒక్క కేసులో విడదీయడం కుదరదు.

పెత్రమాస

ఎనిమిదో వారానికి శ్వాస 14, నాడి 80, బీపీ 126/80. రాత్రి నిద్ర మూడు గంటల నుంచి అయిదున్నరకు వచ్చింది. ఆస్పత్రికి ఆటో కట్టడం ఆగిపోయింది. అప్పుడు భర్త ఏడాది వచ్చింది, దాని వెనకే పెత్రమాస.

ఆ అమావాస్య పొద్దున పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇస్తారు, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున భర్త పేరున బియ్యం ఇచ్చి, సాయంత్రం వాడకట్టు ఆడవాళ్ల పాట వింటూ ఇంట్లో ఒక్కతే ఉంది. ఆ వారంలో నాలుగు దడలు. కోడలు కంగారుగా ఫోన్ చేసింది, మొత్తం మళ్లీ మొదటికొచ్చిందని.

నేను కొత్త సాధన ఏదీ చేర్చలేదు. దుఃఖం వచ్చే రోజున దుఃఖం రావడం వెనకబాటు కాదు. నాలుగు దడల్లో ఒక్కోటి ఎంతసేపు ఉందో అడిగాను. ముందు అరగంట, నలభై నిమిషాలు ఉండేది. ఇప్పుడు పది లోపే. మూడు సార్లు వాకిట్లోకి వచ్చి, గోడకానుకుని, కూనిరాగం తీసిందట. నాలుగో సారి పక్కింటి ఆమె వచ్చి పక్కన కూర్చుందట, ఏమీ అడగకుండా.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి చెప్తాను. మొదటి రోజు ఫారంలో ‘కండ్లు మూసుకుంటే ఎలా ఉంటుంది? వెల్లకిలా పడుకుంటే ఎలా ఉంటుంది?’ అనే రెండు ప్రశ్నలు చేర్చాను. ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయారా అని అడిగి, ఎలా పోయారో చెబితే దాన్ని ఎర్ర ఇంకుతో రాస్తాను. శ్వాస లెక్కపెట్టకుండా ఎవరికీ ప్రాణాయామం చెప్పను. ఆ లెక్క క్లినిక్‌లో ఒకసారి, వాళ్లు ఇష్టంగా చేసే పనిలో ఉండగా ఇంకోసారి తీస్తాను. ఎవరికి పొలంలో, ఎవరికి రోటి దగ్గర, ఒక పెద్దాయనకు గొర్లను పిలిచేటప్పుడు, శ్వాస ఎక్కడో ఒకచోట సాఫీగా నడుస్తూనే ఉంటుంది. మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు నుంచి ఎవరొచ్చినా మెడ, వెన్ను పరీక్ష కాకుండా ఆసనం చెప్పను, వయసు ముప్పై అయినా సరే.

తొమ్మిది నెలల తర్వాత చివరిసారి చూశాను. దడ నెలకొకటి, ఒక్కోసారి అదీ లేదు. మందు తగ్గించే సంగతి వచ్చే నెల డాక్టరుతో మాట్లాడాలి. చిటికి కట్టేటప్పుడు ఇప్పుడు పైకే పాడుతుందని కోడలు చెప్పింది. వెల్లకిలా మాత్రం పడుకోదు. ఎడమ వైపు తిరిగి, కాళ్ల మధ్య దిండు పెట్టుకుని, చిన్న లైటు వేసుకుని పడుకుంటుంది. ఆ లైటు తీసేయమని నేను అడగలేదు.